మైకు ముందు మేసిన ఆవులు

ఆవు ఏం తింటుందని అడిగితే గడ్డి అని చెప్పనివాళ్లు ఉండరు. బడి గడప తొక్కని పిల్లలు కూడా చెబుతారు. కొలువు పొడుగునా పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసిన నేను మాత్రం ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పను. ముందు టైమెంతయిందో చూసుకుంటాను. నవ్వకండి. ఎందుకు చూసుకుంటానో తెలిస్తే మీరూ చూసుకుంటారు.

మోకాళ్లు మొరాయించడంతో గడువుకు ముందే కొలువు వదిలేశాను. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎవరు దొరికినా కుర్చీ వేసి, చాయ పోయించి, ఏదో ఒకటి మొదలుపెడతాను. చాయ బాగా వేడిగా పోయించమంటాను. చల్లారే దాకా లేచిపోలేరు కదా. మా ఇంట్లో వాళ్లు నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వింటారు. మీరూ అలాగే వినండి, నాకేం కష్టం లేదు. ఏ సగం తీసేయాలో మాత్రం మీరే తేల్చుకోవాలి.

నా మొదటి పోస్టింగు ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర గట్టు మీద. అక్కడొక తెల్లావు ఉండేది. తెలుగులో అదిలిస్తే ఇంచు కదిలేది కాదు, మరాఠీలో బతిమాలితేనే సూదికి నిలబడేది. దానికోసం కష్టపడి మరాఠీ నేర్చుకున్నాను. తీరా నేను నేర్చుకునేసరికి అది ఉర్దూకు మారింది. ఈ మాట మా డాక్టరు సారుకు ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. ఆయన నన్ను నమ్మకపోవడం వల్లనే ఈ కథ ఇంత దూరం వచ్చింది కాబట్టి, ముందు ఆయన గురించి చెప్పాలి.

హుజూరాబాదుకూ జమ్మికుంటకూ నడుమ ఉన్న ఒక ఊరి దవాఖానకు నేను బదిలీ అయి వెళ్లేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. మంచిర్యాల మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎండైనా వానైనా గొడుగుతో ఉండేవాడు. చేయి మంచిది, మనసు ఇంకా మంచిది. ఒకటే జబ్బు ఉండేది, ప్రదర్శన. ఏ పనైనా పదిమంది ముందు చేసి చూపిస్తేనే జనానికి నమ్మకం కుదురుతుందని ఆయన సిద్ధాంతం. థర్మామీటరు కడగాలన్నా దారిన పోయేవాళ్లను పిలిచి కడిగేవాడు. ఒకసారి గేదె కొమ్ముకు కట్టు కట్టడం చూపిస్తానని ఊరందరినీ పోగేశాడు. జనాన్ని చూసి బెదిరిన గేదె ఆ కట్టుతోనే పక్క మండలం చేరుకుంది. కట్టు మాత్రం ఊడలేదు. ఆ సంగతి మాత్రం ఆయన అందరికీ చెప్పుకునేవాడు.

ఆ ఊరి చుట్టూ పత్తి. గట్ల మీద కూడా పత్తే. ఊళ్లో పత్తిచేను కాకుండా పచ్చగా కనిపించేది మా దవాఖాన గోడ రంగు ఒక్కటే. ఆవులు పాపం ఆ గోడ వైపు ఆశగా చూసేవి. మేత లేక ఒక్కో ఇంటివాళ్లూ ఆవుల్ని అమ్ముకుంటున్న రోజుల్లో, ఆడవాళ్ల పాలసంఘానికి అధ్యక్షురాలిగా ఒకామె వచ్చింది. వయసుతో పనిలేకుండా అందరూ ఆమెను అక్క అనేవాళ్లు. నేనూ అక్కా అనేవాణ్ని, ఆమె నన్ను అన్నా అనేది. ఎవరు పెద్దో మేమెప్పుడూ తేల్చుకోలేదు.

అక్క చేసిన మొదటి పని, గుట్ట కింద తుమ్మలు మొలిచి పడి ఉన్న గైరాన్‌ను పంచాయతీని అడిగి సంఘానికి తీసుకోవడం. గైరాన్ అంటే ఊరి పశువులకని వదిలిన ఉమ్మడి జాగ. ఆడవాళ్లంతా కలిసి తుమ్మలు కొట్టారు, కంచె వేశారు. మా సారు విత్తనాలు తెప్పించాడు. కలిపి చల్లితే కలుపు తీయడం కష్టమని రెండు సగాలు చేశారు. ఒక సగంలో అంజన్ గడ్డి. రెండో సగంలో స్టైలో, పిల్లిపెసర. ఈ రెండూ గడ్డి కావు, పప్పుజాతి. మన పెసరకూ అలసందకూ చుట్టాలు. మెత్తటి ఆకు, మంచి బలం. ఊళ్లో ఒకదాన్ని గడ్డి అనీ, రెండోదాన్ని ఆకు అనీ పిలవడం అలవాటైంది. నేనూ అలాగే పిలుస్తాను.

వానలు మంచిగా పడ్డాయి. రెండు సగాలూ మోకాలెత్తు లేచాయి. పాలక్యాన్లు నిండాయి. అక్క భర్త మస్కట్‌లో ఏదో గోదాములో సామాన్లు ఎక్కించి దించే పనిలో ఉండేవాడు. ఆయన వీసా గడువు దగ్గర పడింది. పొడిగించాలా, వచ్చేయాలా అన్నది వాళ్లిద్దరూ రోజూ ఫోనులో మాట్లాడుకునే మాట. ఉన్న ఆవులకు తోడు ఇంకో రెండు కొంటే పాల మీదనే బతకొచ్చని అక్క ధైర్యం. ఆ ధైర్యమంతా గైరాన్ మీదనే. గైరాన్ ఉంటే ఆయన ఇంటికి వస్తాడు, పోతే అక్కడే ఉండిపోతాడు. విషయం అంత సూటిగా ఉంది.

ఇంతలో పెద్దబాపు పంచాయితీ పెట్టాడు.

పెద్దబాపు అంటే ఊళ్లో అందరికంటే ఎక్కువ పత్తి పండించే ముసలాయన. అంత చేను ఉన్నా ఇంకొంచెం ఉంటే బాగుండునని ఆయనకు ఎప్పుడూ అనిపించేది. చెడ్డమనిషి కాదు. ఖాళీ జాగ కనిపిస్తే చాలు, చేతులు దురద పెట్టేవి, అంతే. నిద్రపోతున్న మనిషి వీపు వెడల్పుగా ఉంటే దానిమీద కూడా రెండు సాళ్లు పత్తి పెడతాడని మేం నవ్వుకునేవాళ్లం.

సర్పంచి ముందు నిలబడి ఆయనన్నాడు: "నేను రోజు పొద్దుగూకంగ చెలకల నుంచి గైరాన్ పొంటనే ఇంటికొస్త. నా కండ్లతోటి సూస్తున్న. ఒక్కటంటే ఒక్క ఆవు గా ఆకు దిక్కు మోర పెడ్తలేదు. అన్ని గడ్డిలనే ఉంటున్నయి. గా సగం జాగ ఉత్త దండుగ పోతున్నది. నాకియ్యిండ్రి, దున్ని పత్తి పెడ్త. పంచాయతికి కౌలు కడ్త."

అక్క ఊరుకుంటుందా? "ఏం మాట్లాడుతున్నవు పెద్దబాపూ! పొద్దుగాల పాలు పిండి ఆవుల్ని తోలుకపోయేది మేము. నువ్వా మేమా వాటెనుక తిరిగేది? అవి ఉరికేదే గా ఆకు మీదికి. గడ్డిని వాసన గూడ సూస్తలేవు!"

ముసలాయన మీసం కింద నవ్వాడు. "అట్లనా బిడ్డా? అయితే గా గడ్డి సగమే ఇయ్యి. నాకు ఏ సగమైనా ఒక్కటే."

అక్క గతుక్కుమంది. ఆకు గొప్పదని నెగ్గితే గడ్డి సగం పోతుంది. గడ్డి గొప్పదంటే ఆకు సగం పోతుంది. సగం జాగతో ఉన్న ఆవులకే చాలదు, ఇక కొత్తవి ఎక్కడ కొనడం? ఆయన ఎక్కడ రావడం? కానీ ఆడవాళ్లంతా అప్పటికే "ఆకే! ఆకే!" అని అరవడం మొదలుపెట్టారు. పత్తివాళ్లు "గడ్డే! గడ్డే!" అని అందుకున్నారు. రెండు వర్గాలూ ఒట్లు పెట్టుకున్నాయి. చాయ హోటల్లో బల్లలు విడిపోయాయి. ఒక ఇంట్లో మొగుడు గడ్డి, పెళ్లాం ఆకు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని చెప్పుకున్నారు.

మా సారు పొద్దున పూట వెళ్లి చూసి వచ్చి ఆకే అని తేల్చాడు. నేను ఒక సాయంత్రం దూడకు సూది వేయడానికి అటు పోయి, ఆవులన్నీ గడ్డిలో తలలు దూర్చి ఉండటం చూశాను. వచ్చి చెప్పాను.

"ఏమయ్యా కాంపౌండరూ, ఆవు ఉర్దూ మాట్లాడుతదని చెప్పినోడివి నువ్వే గదా?" అన్నాడు సారు.

"మాట్లాడుతదని అనలేదు సార్. అర్థమైతదన్న."

"రెండింటికీ తేడా ఏమున్నదిగానీ, నువ్వు చూసిన గడ్డి గూడ గా ఉర్దూ అసొంటిదే."

అట్లా నేను జన్మలో ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెబితే దానికి ఆ గతి పట్టింది.

ఆఖరికి సారే సర్పంచికి సలహా ఇచ్చాడు. ఇంకేముంది, ప్రదర్శన! ఊరందరి ముందు ఆవుల్ని వదలడం, అవి ఏ సగం ముట్టవో ఆ సగం పెద్దబాపుకు ఇవ్వడం. రెండు వర్గాలూ ఒప్పుకున్నాయి. ఎవరికి వాళ్లు గెలుపు ఖాయమనుకున్నారు మరి. గెలిచినా సగం పోతుందన్న సంగతి ఆ ఊపులో అక్కకు తప్ప ఆడవాళ్లెవరికీ గుర్తులేదు. గురువారం ముహూర్తం పెట్టారు.

టెంటు వేశారు, కుర్చీలు తెప్పించారు. మిరపకాయ బజ్జీల బండి ఎవరూ పిలవకుండానే వచ్చింది. సర్పంచి మైకు తెప్పించాడు. ఆ మైకును సారు నా చేతికిచ్చాడు. ఆయన ఉద్యోగ జీవితంలో ఇంతకంటే పెద్ద పొరపాటు లేదని నేనే ఒప్పుకుంటాను.

ఇంకొక పొరపాటు అంతకు ముందే జరిగిపోయింది. విందుకు పిలిస్తే పొద్దుటినుంచి పస్తుండి పోయే అలవాటు మనవాళ్లకు ఉంది చూడండి, అచ్చం అదే. ఆకలి మీద ఉంటేనే ఆవు అసలు ఇష్టం బయటపడుతుందని సారు అన్నాడు. గడ్డివాళ్లకూ నచ్చింది, ఆకువాళ్లకూ నచ్చింది, నాకూ నచ్చింది. ఆవుల్ని మధ్యాహ్నం దాకా కొట్టాల్లోనే కట్టేశారు. కుడితి లేదు, పరక లేదు. కొట్టాల్లోంచి వచ్చే అరుపులకు జనాలకు మైకు అక్కర్లేకపోయింది.

"ఊరి పెద్దలకూ, అవ్వలకూ, బాపులకూ నమస్కారం!" అని నేను అందుకున్నాను. "అదిగో, నల్లావు ముందుకొచ్చింది. కంటిచూపులో ఆలోచన ఉంది. తోకలో తొందర ఉంది…"

మాట పూర్తి కాలేదు. పలుపులు వదిలిన ఆవులు గేటులోంచి వరదలా దూకాయి. గేటు గడ్డి సగం వైపు ఉంది. మోరకు ఏది తగిలితే అది నమిలేశాయి. తగిలింది గడ్డి.

"గడ్డి! గడ్డి!" పెద్దబాపు రుమాలు తీసి గాల్లో ఎగరేశాడు. "సర్పంచీ, తేలిపాయె. ఆకు సగం నాది!"

"ఏం తేలిపాయె?" అక్క గేటుకు అడ్డం నిలబడింది. "వాకిలి గడ్డి దిక్కున్నది, గడ్డి తిన్నయి. గటు దిక్కు నుంచి ఇడువుండ్రి, సూద్దాం!"

న్యాయంగానే ఉందని అవతలి పక్క కంచె తీశారు. కర్రలతో, కేకలతో, నా మైకు అరుపులతో ఆవుల్ని బయటకు తోలి, చుట్టూ తిప్పి, ఆకు సగం వైపు నుంచి వదిలారు. అప్పటికి వాటి కడుపులో పడింది నాలుగు పరకలే. ఈసారి పిల్లిపెసర మీద పడి ముక్కు ఎత్తకుండా లాగించాయి. "ఆకే! ఆకే!" అని ఆడవాళ్లు చప్పట్లు. ఎటు గేటు తెరిస్తే అటు గెలుపు. ఇలాంటి పోటీలో నిలబడితే నేను కూడా సర్పంచినయ్యేవాణ్ని.

అప్పుడే నల్లావు మేయడం మానేసింది. అది అక్కది. నాలుగు కాళ్లూ ఎడం చేసి నిలబడింది. ఎడమ డొక్క డోలులా పైకి లేచింది.

"కడుపుబ్బరం!" అని సారు గొడుగు అవతల పారేసి ఉరికాడు. ఖాళీ కడుపు మీద మెత్తటి పచ్చి ఆకు ఆబగా మింగితే లోపల గాలి నురగ కట్టి బయటకు రాదు. ఆలస్యమైతే ఆవు దక్కదు. ఇంతసేపూ గొంతు చించుకున్న అక్క ఉరికి వచ్చింది. ఆవు మెడ పట్టుకుని నిలబడింది.

"కాంపౌండరూ, నూనె!"

దవాఖాన ఊరికి ఆ చివర. నూనె ఎక్కడిది? నా కళ్లు బజ్జీల బండి మీద పడ్డాయి. కొత్త సీసా ఒకటి ఇంకా మూత తీయకుండా ఉంది. లాక్కుని ఉరికాను. బండాయన జల్లిగరిటెతో నా వెంట ఉరికాడు. "అన్నా, నా పల్లినూనె! ఇంక పిండి గిన్నెడున్నది! బజ్జీలెట్ల కాల్చాలె?" అని ఆయన అరుపు. వెదురు గొట్టంతో కొంచెం కొంచెంగా నూనె తాగించాం. కళ్లెంలా నోట్లో వేపకర్ర అడ్డంగా పెట్టి తాడుతో కట్టాం, నములుతుంటే గాలి బయటకొస్తుందని. ముందుకాళ్లు గట్టు మీదికి ఎక్కించాం. సారు డొక్కను పిండి పిసికినట్టు పిసుకుతున్నాడు. అప్పుడు ఆకువాళ్లు లేరు, గడ్డివాళ్లు లేరు. పెద్దబాపు కూడా తాడు పట్టుకుని, "రా తల్లీ, రా, ఇడువు" అని ఆవును బతిమాలుతున్నాడు.

ఇడిచింది. నా చంకలో ఉన్న మైకు ఆవు మూతికి జానెడు దూరంలో ఉందని, అది ఇంకా ఆన్‌లోనే ఉందని ఎవరూ గమనించలేదు. ఆ త్రేన్పు టెంటు మూలల్లో పెట్టిన నాలుగు సౌండు పెట్టెల్లోంచీ ఒక్కసారి బయటికొచ్చింది. టెంటు గుడ్డ పైకి లేచింది. గుట్ట మీద నెమళ్లు జవాబు చెప్పాయి. జమ్మికుంట యార్డులో పత్తి వేలం ఒక్క క్షణం ఆగిందనీ, ఆ ధర ఎవరు పాడారని అడిగారనీ తర్వాత తెలిసింది. ఎవరి ద్వారా తెలిసిందని అడక్కండి, నా ద్వారానే.

నల్లావు డొక్క దిగింది. అక్క దాని నుదుటికి తన నుదురు ఆనించి, ఏడుస్తూ నవ్వింది. సారు నేల మీద చతికిలబడ్డాడు.

"కాంపౌండరూ, మనం ఇష్టాన్ని అడుగలే, ఆకలిని అడిగినం" అన్నాడు మెల్లగా. ఆయన నోట మైకు లేకుండా వచ్చిన మంచి మాట అదొక్కటే. ఆ వెంటనే లేచి, "మల్ల రేపు ప్రదర్శన!" అన్నాడు.

ఈసారి షరతు అక్క పెట్టింది. "కడుపుకు పెట్టి తోలుదాం, రోజు తోలినట్టే. వాకిళ్లు రెండు దిక్కుల తెరిచి పెట్టుండ్రి. పొద్దుగాల పాలు పిండిన కాడికెళ్లి పొద్దుగూకేదాక ఎవ్వరు ఇంటికి పోవద్దు. పెద్దబాపూ, నువ్వు గూడ పోవద్దు."

"నేనెందుకు పోత? మాపటికే గదా అసలు ముచ్చట" అన్నాడు ఆయన. ఆయన చూసేది సాయంత్రాలే కదా.

మర్నాడు శుక్రవారం. మస్కట్‌లో సెలవు. అక్క భర్త తెల్లారకముందే వీడియో కాల్‌లో హాజరు. అక్క ఫోనును ఒక కంచె గుంజకు కట్టింది. ఆయన ముఖం గుంజ మీద నుంచి ఊరందరినీ పలకరిస్తోంది. "బాపూ మంచిగున్నవా? వదినే, గట్ల అడ్డం నిలవడకు, ఆవు కనబడ్తలేదు!"

పాలు పితికి, కుడితి తాగించి, ఎప్పటిలా నాలుగు పరకలు వేసి తోలారు. ఈసారి ఆవులు పెళ్లికి వచ్చిన పెద్దవాళ్లలా నిదానంగా వచ్చాయి. గేట్ల దగ్గర ఆగాయి. గాలి పీల్చాయి. కొన్ని నావైపు చూశాయి, నేను మైకులో గొంతు సవరించుకున్నాను. తర్వాత ఒకదాని వెనుక ఒకటి ఆకు సగంలోకి నడిచాయి. గడ్డి వైపు గేటులోంచి వచ్చిన ఎర్రావు కూడా, గడ్డిని తొక్కుకుంటూ దాటిపోయి, స్టైలో దగ్గర ఆగింది.

"ఎర్రావు గడ్డిని చూసి కూడా చూడనట్టు పోయింది!" అని నేను మైకులో. "అప్పిచ్చిన చుట్టాన్ని బజార్లో చూసినట్టు పోయింది!"

ఆడవాళ్లు ఈలలు వేశారు. పెద్దబాపు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. అక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు. గడ్డి సగం వైపు చూస్తూ నిలబడింది. ఫోనులోంచి ఆయన, "గెలుస్తున్నం గదనే, మొఖం గట్ల పెట్టినవేంది?" అని అడిగితే, "గెలిస్తే సగం పోతదయ్యా" అంది.

ఎండెక్కేసరికి ఆవులు కడుపునిండి నీడకు చేరాయి. కాళ్లు ముడుచుకుని పడుకుని నెమరు వేయసాగాయి. ఇక చూడటానికి ఏమీ లేదు. ఆవు నెమరు వేయడం మీద ఎంతసేపు మైకులో చెప్పగలరు? నేను చాలాసేపు చెప్పాను. సర్పంచి వచ్చి మైకు బ్యాటరీ అయిపోతుందని దండం పెట్టాడు. పేకలు బయటికొచ్చాయి. సారు గొడుగు కింద నిద్రపోయాడు. బజ్జీలాయన నిన్నటి నూనె బాకీ గుర్తుచేస్తూ నాకు మాత్రం కారం ఎక్కువున్న మిరపకాయలు ఏరి ఇచ్చాడు. గుంజ మీద అక్క భర్త కూడా కునుకు తీశాడు. గురక మాత్రం మస్కట్ నుంచి స్పష్టంగా వినిపించింది.

ఎండ వాలింది. ఎర్రావు లేచి ఒళ్లు విరుచుకుంది. దాని వెనుక నల్లావు లేచింది. నేను మైకు అందుకున్నాను. రెండూ ఆకు సగం అంచు దాకా వచ్చాయి, ఒకసారి వాసన చూశాయి. తిరిగాయి. నేరుగా గడ్డిలోకి నడిచాయి. మిగతావీ లేచాయి. కాసేపటికి ఆకు సగంలో ఒక్క ఆవు లేదు. అంజన్ గడ్డిలో వరసగా తలలు దించి, కరకర, కరకర మేస్తున్నాయి. మైకులో నాకు మాట రాలేదు. అది చూసి ఊరు నిజంగానే ఏదో జరిగిందని నమ్మింది.

"సూసిన్రా! సూసిన్రా!" పెద్దబాపు ఎగిరి గంతేశాడు. ఆ వయసులో ఆయన అంత ఎత్తు లేవడం నేను మళ్లీ చూడలేదు. "గడ్డి! నేను జెప్పలే?"

"పొద్దుగాల ఆకు తినలేదా మరి?" ఆడవాళ్లు.

"ఇప్పుడు తింటున్నయా మరి?" పత్తివాళ్లు.

అందరూ ఒక్కసారి సర్పంచి వైపు తిరిగారు. ఆ కుర్రాయన తల గోక్కున్నాడు. వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. "మనమనుకున్నదేంది? ఆవులు ముట్టని సగం పెద్దబాపుకియ్యాలె. పొద్దుగాల గడ్డి ముట్టలే, అంటే గడ్డి సగం పోవాలె. ఇప్పుడు ఆకు ముడ్తలేవు, అంటే ఆకు సగం పోవాలె…"

"అంటే రెండు సగాలు నాయే!" అన్నాడు పెద్దబాపు. తను అడిగింది సగం, వచ్చేది మొత్తం. అంత అదృష్టం ఆయన కూడా ఊహించలేదు.

మాటకు మాట తప్పలేదు, షరతుకు షరతు సరిపోయింది. అక్క గుంజ దగ్గరికి నడిచి ఫోను విప్పింది. తెర మీద ఆయన "ఏమైంది? ఏమైందే?" అంటున్నాడు. ఆమె ఫోనును చీరకు అదుముకుని తల వంచుకుంది. ఆయనకు ఇప్పుడు ఏమని చెప్పాలి? రావద్దనా?

అప్పుడు ఆడవాళ్ల మధ్యలోంచి పెద్దవ్వ లేచింది. పెద్దబాపు భార్య. రెండు రోజులనుంచీ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. కొంగు నడుముకు దోపి ముందుకు వచ్చింది.

"ఇగో, నిన్నే. పొద్దుగాల లేవంగనే ఏం తాగుతవు?"

పెద్దబాపు బిత్తరపోయాడు. "చాయ. ఏం?"

"మాపటికేం తాగుతవు?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "కల్లు" అన్నాడాయన గొంతు తగ్గించి.

"పొద్దుగాల నువ్వు కల్లు ముడ్తలేవని మన తాటిచెట్లు కొట్టేపిచ్చిన్నా? మాపటికి చాయ ముడ్తలేవని పొయ్యి పలగ్గొట్టిన్నా? రెండు దెచ్చి నీ ముందల పెడ్తలేనా ఇన్నేండ్ల సంది? నీకో నాయం, ఆవుకో నాయమా?"

ముందు నవ్వింది సారు. తర్వాత సర్పంచి. తర్వాత ఊరు. నవ్వు ఒక చివర తగ్గితే ఇంకో చివర లేచేది. ఆవులు తలలెత్తి చూసి, మనకు సంబంధించింది కాదని మళ్లీ మేతలో పడ్డాయి.

"మందిల నన్ను ఆవుతోటి పోలుస్తవానే?" అన్నాడు పెద్దబాపు కోపంగా.

"మెల్లగ అను. ఆవుకు ఇనబడ్తది, నొచ్చుకుంటది."

ఇక ఆయన వల్ల కాలేదు. మీసం అదిరింది, భుజాలు అదిరాయి, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఉండనియ్యి సర్పంచీ. రెండు ఉండనియ్యి. లేకుంటే ఇయ్యాల నాకు చాయ లేదు, కల్లు లేదు" అన్నాడు. సర్పంచి బతుకు జీవుడా అని మైకు నా దగ్గర్నుంచి గుంజుకుని, గైరాన్ మొత్తం సంఘానికేనని, ఇక ఈ పంచాయితీ మళ్లీ ఎత్తొద్దని చాటాడు.

ఆవులు అలా ఎందుకు చేస్తాయని తర్వాత సారును అడిగాను. పగలంతా ఎండకు గడ్డిలో తీపి చేరుతుందట. రాత్రంతా నెమరు వేయడానికి పీచు కావాలి కాబట్టి సాయంత్రం గడ్డి నింపుకుంటాయట. ఇంకా రెండు కారణాలు చెప్పి, ఇందులో ఏది అసలుదో తనకూ గట్టిగా తెలియదన్నాడు. ఆ తెలియదన్న మాటతో నాకు ఆయన మీద గౌరవం ఇంకాస్త పెరిగింది. నా కారణం నాకుంది. రోజంతా ఒకటే తింటే విసుగు రాదా? పిల్లలూ, మీరు రేపు ఏ ఊళ్లోనైనా ఆవు ఇది తింటుంది, అది తినదు అని ఎవరైనా ఒట్టేసి చెబితే అబద్ధమని కొట్టేయకండి. ఏ వేళప్పుడు చూశారో అడగండి. అప్పటికే దాని కడుపులో ఏముందో అడగండి. ఇద్దరు పోట్లాడుకుంటున్నారంటే ఒకరు అబద్ధం చెబుతున్నట్టే అనుకోకండి. ఒకరు పొద్దున లేచేవాళ్లు, ఇంకొకరు సాయంత్రం ఇంటికొచ్చేవాళ్లు కావచ్చు. ఆ మాట నేను చెబుతున్నానని మాత్రం ఎక్కడా అనకండి, ఎవరూ నమ్మరు.

ఇవన్నీ తీరిగ్గా మాట్లాడుకున్నవి. ఆ సాయంత్రం మాత్రం ఎవరి చెవికీ ఏదీ ఎక్కే స్థితి లేదు. అందరూ ఎగబడి పెద్దవ్వను టెంటు చుట్టూ తిప్పుతుంటే, అక్క ఒక్కతే కంచె పక్కకు పోయి, అదుముకున్న ఫోను తీసి ముఖం ముందు పెట్టుకుంది. నేను నల్లావు డొక్క చూసే నెపంతో ఆ పక్కనే ఉన్నాను. వినాలని కాదు. సరే, వినాలనే.

"ఏమాయెనే?" అన్నాడాయన. "గంటసేపటి సంది నాకు నీ చీర రంగు తప్ప ఏం కనబడ్తలేదు. నవ్వుడు ఇనబడ్తున్నది. జాగ పాయెనా, ఉన్నదా?"

"ఉన్నది. రెండు సగాలు మనయే."

తెర మీద ఆయన ముఖం ఇంకాస్త దగ్గరికి వచ్చింది. "మరి?"

"మరేంది? వీసా పొడిగియ్యకు. టికెట్ జేస్కో."

"పక్కానా? నేనొచ్చినంక రేపు మల్ల ఎవడన్నా పంచాయితి పెడ్తేనో?"

"పెట్టనియ్యి" అంది అక్క. రెండు రోజుల అరుపులకు గొంతు బొంగురుపోయి మాట సగమే పలుకుతోంది, నవ్వు మాత్రం పూర్తిగా వస్తోంది. "అప్పటికి నువ్వుంటవు గదా, నువ్వు కొట్లాడు. నాకు గొంతు పాయె."